ఉన్నదున్నట్టు చెప్పాలి. కానీ ఎవరికి, ఎక్కడ?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. పది రోజుల కిందట గట్టు విషయంలో మా తమ్ముడికీ పక్క పొలం ఆయనకూ గొడవైంది. ఆయనే ముందు పార కర్రతో మావాడి భుజం మీద కొట్టాడు. మావాడు తోసేస్తే ఆయన బోదెలో పడి ఎడమ చెయ్యి విరిగింది. వాళ్ళు కేసు పెట్టారు. 117(2), 126(2), 351(2), 3(5) సెక్షన్లు వేశారట. తమ్ముడితో పాటు అన్నయ్య పేరు, నాన్నగారి పేరు కూడా రాయించారు. నాన్నగారికి 66 ఏళ్ళు, ఆ వేళకి ఆయన టౌనులో కంటి ఆసుపత్రిలో ఉన్నారు. స్టేషన్ నుంచి ఫోన్ చేసి ‘అందరూ వచ్చి ఎస్సై గారికి కనపడండి, మీ అమ్మను కూడా తీసుకురండి’ అంటున్నారు. వాట్సాప్‌లో ఏదో నోటీసు ఫోటో పెట్టారు. మా మామయ్యేమో ‘లాయర్ని పెట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే, వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయండి’ అంటున్నారు. తమ్ముడు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. అయినా తోసిన మాట నిజమే కదా, అలాంటప్పుడు లాయరు మాత్రం ఏం చేస్తారు? – ఒక అక్క

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే రెండు మాటలు విడిగా రాసి పంపాను. తమ్ముణ్ణి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి భుజం దెబ్బ రికార్డు చేయించమన్నాను, నాన్నగారి ఓపీ చీటీ భద్రంగా దాచమన్నాను. ఆ రెండూ వాయిదా వేసేవి కావు. కమిలిన దెబ్బ రోజురోజుకీ రంగు మారుతుంది, నల్లగా ఉన్నది ఆకుపచ్చగా, పసుపుగా తేలిపోతుంది. ఆ రంగును బట్టే అది ఎన్నాళ్ళ కిందటి దెబ్బో డాక్టరు రాస్తారు. ఇంకో వారం ఆగితే రాయడానికి ఏమీ మిగలదు. మిగతా సంగతులు ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. మీలాంటి ఇళ్ళ నుంచి ఇదే ప్రశ్న నాకు చాలాసార్లు వస్తూ ఉంటుంది.

ముందు అమ్మగారి విషయం. ఆవిడ పేరు ఎఫ్ఐఆర్‌లో లేదు, అంటే పిలిస్తే సాక్షిగానే పిలవాలి. సాక్షిగా అయితే ఆడవాళ్ళను స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి. 60 దాటిన మగవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది. కాబట్టి అమ్మగారిని పంపకండి. ‘ఇంటికి వస్తే ఆవిడ మాట్లాడతారు’ అని మర్యాదగా చెప్పండి. నాన్నగారి పేరు నిందితుల్లో ఉంది కనుక ఆయన సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

ఇక నోటీసు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు చేతికి దొరికినవాణ్ణి దొరికినట్టు అరెస్టు చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసులు కూడా అందులోకే వస్తాయి. మీవాళ్ళ మీద పెట్టినవి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత సెక్షన్లు. 126(2) అంటే దారికి అడ్డుపడటం, 351(2) బెదిరించడం, 3(5) అందరూ ఒకే ఉద్దేశంతో చేశారనడం. వాటిలో పెద్దది 117(2), తీవ్ర గాయం. దానికి గరిష్ఠ శిక్ష సరిగ్గా ఏడేళ్ళు. అరెస్టు అవసరం లేదనుకుంటే సురక్షా సంహిత 35(3) కింద రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఫలానా రోజు, ఫలానా వేళకు రమ్మనాలి. పాత చట్టంలో 41ఏ నోటీసు అని అందరి నోళ్ళలో నానింది ఇదే. దీన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది.

అలాగని ‘ఇది చెల్లదు, మేం రాం’ అని తలుపులు వేసుకోమని నేను చెప్పను. ఆ పట్టుదలతో మీకు ఒరిగేదేమీ లేదు. లాయరు చేత స్టేషన్‌కు ఒక కాగితం రాయించండి: నోటీసు నేరుగా ఇవ్వండి, మేం సహకరిస్తాం, ఫలానా తేదీన వస్తాం. దాని నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నోటీసు అందాక చెప్పిన రోజున తప్పకుండా వెళ్ళాలి. వెళ్ళినంత కాలం అరెస్టు చేయాలంటే పోలీసులు కారణాలు రాసిపెట్టాలి. ఎగ్గొడితే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. ఒంట్లో బాగోలేక వెళ్ళలేకపోతే ఆ మాట కూడా కాగితం మీదే ఉండాలి, ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మీరు రాసిన సెక్షన్లే నిజమైతే ఇవన్నీ బెయిలబుల్. అంటే బెయిలు మీ హక్కు, స్టేషన్‌లోనే పూచీకత్తు మీద వదలాలి. ‘స్టేషన్ బెయిల్’ అంటారే, అదే. కాబట్టి ముందస్తు బెయిలు వేద్దామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అది నాన్‌బెయిలబుల్ కేసుల కోసం ఉన్నది. అయితే ఒక కన్ను మాత్రం వేసి ఉంచాలి. ఇలాంటి కేసుల్లో కొన్ని రోజులు పోయాక సెక్షన్ మార్చేస్తూ కోర్టులో మెమో పడుతుంది. ‘తోశాడు’ అన్నది ‘పారతో కొట్టాడు’గా మారితే 117(2) కాస్తా 118(2) అవుతుంది. దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది, బెయిలబుల్ కాదు, రాజీకీ వీలుండదు. అందుకే మీ లాయరు కోర్టులో కేసు రికార్డు అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి. మెమో పడిన రోజే తెలిస్తే అప్పుడు ముందస్తు బెయిలుకు వెళ్ళడానికి టైమ్ ఉంటుంది.

ఇక మీ మామయ్య గారి సలహా. ఆయన మీ మేలు కోరే చెప్పారు, అందులో సందేహం లేదు. ఊళ్ళో పెద్దమనుషుల ముందు అయితే ఆ సలహా సరైనదే. కానీ స్టేషన్‌లో మీ తమ్ముడు చెప్పేది మీ తమ్ముడి మాటల్లో ఉండదు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ రాసుకున్న మాటల్లో ఉంటుంది. ‘ఆయన కర్ర ఎత్తితే తోశాను సార్, పడిపోయాడు’ అని వీడు చెబుతాడు. కాగితం మీదికి వచ్చేసరికి ‘నేను అతన్ని బలంగా తోయగా కింద పడి చెయ్యి విరిగినది’ అయి కూర్చుంటుంది. కర్ర ఎత్తిన ముక్క ఎగిరిపోతుంది. అందులో దురుద్దేశమే ఉండాలని లేదు. రోజుకు ఎన్నో స్టేట్‌మెంట్లు రాసే మనిషి తనకు కావలసిన ముక్క రాసుకుంటాడు, అంతే.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో ఒక కుర్రాడి కేసు చూశాను. ఇలాంటి గొడవే, చేతులతోనే కొట్టుకున్నారు. స్టేషన్‌లో ‘గడ్డపార ఏదిరా’ అని అడిగారు. ‘మా ఇంట్లో ఒకటి ఉంది సార్, కానీ దాంతో కొట్టలేదు’ అన్నాడు. ‘ఉంది కదా, పద చూపించు’ అన్నారు. పోలీసులకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పి పంపారు, వీడు వెళ్ళి చూరు కింద నుంచి తీసి ఇచ్చాడు. వస్తువు ఎలా దొరికిందో సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదిక రాశారు, సంతకం పెట్టమంటే పెట్టాడు. విచారణలో ఆ గడ్డపార ఎం.ఓ.1, అంటే కోర్టు ముందు పెట్టిన మొదటి వస్తు సాక్ష్యం అయింది. దాని మీద నెత్తురు మరక లేదు, ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా అలాంటిదే ఒకటి ఉంటుంది. ఆ ఒక్క సంతకం వల్ల వచ్చిన చిక్కు విడదీయడానికి మాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ రోజు వాడి పక్కన ఎవరైనా ఉండి ‘అది చూపించాల్సిన పని లేదు’ అని ఉంటే అదంతా ఉండేదే కాదు. ఆ తర్వాత ఎవరైనా స్టేషన్‌కు వెళుతున్నాం అని ఫోన్ చేస్తే వాళ్ళను ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పదు.

చట్టం ఇక్కడ మీ వైపే ఉంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కానీ దానికి ఒక మినహాయింపు ఉంది. కస్టడీలో ఉన్న మనిషి చెప్పిన మాట వల్ల ఒక వస్తువో సంగతో బయటపడితే, ఆ మేరకు ఆ మాట సాక్ష్యం అవుతుంది. ఆ కుర్రాడు చిక్కుకున్నది ఆ సందులోనే. మీ తమ్ముణ్ణి కూడా ‘పార ఏది’ అని అడిగే ఉంటారు లేదా అడుగుతారు. తనకు తాను వ్యతిరేకంగా చెప్పమని ఎవర్నీ బలవంతం చేయకూడదన్నది రాజ్యాంగం 20(3) అధికరణలో ఉన్న హక్కు. పేరు, ఊరు, చిరునామా చెప్పాలి. జరిగినదాని గురించి ‘మా లాయరుతో మాట్లాడి రాతపూర్వకంగా ఇస్తాను సార్’ అంటే సరిపోతుంది. గట్టిగా అనక్కర్లేదు, వినయంగానే అనొచ్చు. దర్యాప్తులో రాసుకున్న స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోకూడదని సురక్షా సంహిత 181వ సెక్షన్ చెబుతుంది. ఇక తెల్లకాగితం మీద సంతకం ఎవరు అడిగినా, ఎంత మంచిగా అడిగినా పెట్టకూడదు.

లాయర్ని పెట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు అనేది మన ఊళ్ళలో పాతుకుపోయిన మాట. ఒకవేళ అరెస్టు చేసి ప్రశ్నిస్తున్నా, ప్రశ్నించే సమయమంతా కాకపోయినా మధ్యలో తన లాయర్ని కలిసే హక్కును అదే సంహిత 38వ సెక్షన్ ఇచ్చింది. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ మేజిస్ట్రేటు ‘పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా’ అని అడుగుతారు. చాలామంది పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ వైపు చూసి ‘లేదండీ’ అనేస్తారు. దెబ్బ తగిలి ఉంటే అక్కడే, అప్పుడే చెప్పాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు కనీసం ఏడాది పాటు దాచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫిర్యాదు ఉంటేనే ఆ రికార్డింగు అడగగలం.

ఇప్పుడు ఎఫ్ఐఆర్ నకలు తీసుకుని మీరే ఒకసారి చదవండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం. మీవాళ్ళ మాటలు, వాళ్ళ ఆరోపణలు తర్వాత. ముందు టైములు చూడండి. గొడవ ఎప్పుడు జరిగిందని రాశారు, ఫిర్యాదు ఎప్పుడు అందిందని రాశారు, కోర్టుకు ఎప్పుడు చేరింది. మూడోది పోలీసులు రాసేది కాదు. ఎఫ్ఐఆర్ అందగానే మేజిస్ట్రేటు దాని మీద సంతకం పెట్టి తేదీ, వేళ వేస్తారు. సాయంత్రం నాలుగింటికి కేసు కట్టామని ఉండి, పక్క వీధిలో ఉన్న కోర్టుకు అది మర్నాడు మధ్యాహ్నం చేరితే, ఆ మధ్యలో ఏం జరిగిందని మేం అడుగుతాం. పేర్లు కలిపేది సాధారణంగా ఆ మధ్యలోనే. ఫిర్యాదు ఆలస్యమైందనే ఒక్క కారణంతో కేసు కొట్టేయరు. కానీ ఆ ఖాళీకి సంజాయిషీ లేకపోతే, ఆ ఖాళీలో కొత్తగా చేరిన పేర్ల మీద కోర్టుకు నమ్మకం సడలుతుంది.

దాని పక్కనే ఆసుపత్రి రిజిస్టర్ పెట్టి చూడాలి. దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రికి రాగానే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎలా తగిలింది, ఎవరు కొట్టారు’ అని. ఆ మనిషి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అందులో ఉంటుంది, పెద్దమనుషులు, బంధువులు సలహాలు ఇవ్వకముందు వచ్చిన మాట అది. అక్కడ ఒక్కరి పేరే ఉండి, గంటల తర్వాత ఎఫ్ఐఆర్‌లో ముగ్గురైతే నాన్నగారికి, అన్నయ్యకు అంతకంటే పెద్ద సాక్ష్యం ఇంకొకటి ఉండదు.

నాన్నగారి కోసం ఆసుపత్రి ఓపీ చీటీ, బిల్లు, బస్సు టికెట్ ఉంటే అది కూడా ఒక కవరులో పెట్టండి. ఆసుపత్రి కెమెరా రికార్డింగు మాత్రం ఆగదు. కొన్ని వారాల్లో దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఫలానా తేదీ, ఫలానా వేళల రికార్డింగు తీసి పెట్టండని ఆసుపత్రికి ఒక ఉత్తరం ఇవ్వండి. దర్యాప్తు అధికారికి కూడా రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. నకలు సీఐకి, డీఎస్పీకి పంపండి. వాళ్ళు పట్టించుకోకపోతే కోర్టును అడగొచ్చు. అక్కడ లేను అన్న వాదన రుజువు చేసే బాధ్యత మన మీదే ఉంటుంది. మొదటి వారంలో చెప్పిన ‘అక్కడ లేను’కీ, మూడేళ్ళ తర్వాత విచారణలో మొదటిసారి చెప్పిన ‘అక్కడ లేను’కీ హస్తిమశకాంతరం తేడా.

అలాగే తమ్ముడి తరఫున కూడా ఫిర్యాదు ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళాలి. దీన్ని బేరానికి పెట్టే కౌంటర్ కేసుగా చూడకండి. కొట్టింది నిజం, దెబ్బ నిజం, ఆ నిజం రికార్డులో ఉండాలి. నిందితుడి ఒంటి మీద దెబ్బలు ఎలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే వాళ్ళు అసలు సంగతి దాస్తున్నారని అనుకోవచ్చని సుప్రీంకోర్టు 1976లో లక్ష్మీసింగ్ కేసులో చెప్పింది. మీ కేసుకు ఆ తీర్పు బాగా ఉపయోగపడుతుంది. కానీ లేని దెబ్బ చేర్చకండి, అక్కడ లేని వాళ్ళ పేర్లు మీరూ రాయించకండి. నాన్నగారి విషయంలో మీకు జరిగిన అన్యాయమే అవతలివాళ్ళ ముసలాయనకు మీరు చేసినట్టవుతుంది. ఆ ఒక్క అబద్ధం బయటపడితే మిగతా నిజమంతా దాంతో కొట్టుకుపోతుంది కూడా.

‘తోసిన మాట నిజమే కదా, లాయరు ఏం చేస్తారు’ అని అడిగారు. ఈ ప్రశ్న కోసమే ఈ ఉత్తరానికి ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. తోయడం నిజం. కానీ ఎందుకు తోశాడు? కర్ర రెండోసారి లేచినప్పుడా, మనిషి వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నప్పుడా? మొదటిదైతే ఆత్మరక్షణ, న్యాయసంహిత 34వ సెక్షన్ ప్రకారం అది నేరమే కాదు. రెండోదైతే నేరం. ఇక ఎముక నిజంగా విరిగిందా? డాక్టరు సర్టిఫికెట్‌లో ‘ఫ్రాక్చర్’ అని రాసి ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్మ్ ఎక్కడ, అది చూసి రిపోర్టు రాసిన డాక్టరు ఎవరు, ఆయన కోర్టుకు వచ్చి చెప్పారా అని నేను అడుగుతాను. ఫిల్మ్ కోర్టుకు రాని కేసులు నేను చాలా చూశాను. అది రుజువు కాకపోతే ఏడేళ్ళ నేరం ఏడాది లోపు నేరమవుతుంది. ఇది దొంగదారి కాదమ్మా. ఒక మనిషిని ఏడేళ్ళు జైలుకు పంపగల మాట అన్నవాళ్ళు దాన్ని చూపించాలి. చూపించలేదని చెప్పడం నా పని. తోసినంతవరకు తోసినందుకు, అంతకు ఒక్క రవ్వ ఎక్కువ పడకుండా చూడటం కూడా నా పనే.

దీనికి మీ తమ్ముడు నాకు కాకపోయినా మీరు పెట్టుకునే లాయరుకు మొత్తం చెప్పాలి. తనకు అనుకూలం కాని ముక్క ముందు చెప్పాలి. జరిగిపోయిన దాని గురించి లాయరుకు చెప్పింది ఆయన బయటపెట్టకూడదని చట్టమే కట్టుబాటు పెట్టింది. మీ మామయ్య గారు అన్న ‘ఉన్నదున్నట్టు’ చెప్పాల్సిన మొదటి చోటు అదే. లాయరుకు కూడా ‘నేను అసలు ముట్టుకోలేదు’ అని చెబితే, ఆయన ఆ దారిలోనే ప్రశ్నలు వేసుకుంటూ పోతారు. రేపు సాక్షులు నలుగురూ తోశాడని చెప్పాక ఆత్మరక్షణకు తిరిగి వద్దామంటే దారి ఉండదు. గెలవాల్సిన కేసులు ఇలా పోవడం చూసి నాకు చాలాసార్లు బాధ వేసింది. విచారణ చివర జడ్జిగారు సాక్ష్యాలన్నీ చదివి నిందితుణ్ణి నేరుగా అడిగే ఘట్టం ఒకటి ఉంటుంది. చాలామంది అన్నింటికీ ‘అబద్ధం’ అని ఒక్క మాటతో ముగించేస్తారు. మీవాడు తన నోటితో, తన మాటల్లో, కర్ర ఎత్తిన సంగతితో సహా చెప్పుకోగల చోటు అది. అప్పటిదాకా ఆ కథ మారకుండా ఉండాలి.

అందాకా సాక్షులకు ఫోన్లు చేయొద్దు, అవతలివాళ్ళ ఇంటికి వెళ్ళొద్దు, వాట్సాప్ స్టేటస్‌లో దీని గురించి ఒక్క ముక్క పెట్టొద్దు, ఫోన్‌లో ఉన్నవి చెరపొద్దు. రాజీకి పెద్దమనుషులు పిలిస్తే లాయరుకు చెప్పి వెళ్ళండి. 117(2)లో కోర్టు అనుమతితో రాజీకి వీలుంది, దెబ్బ తగిలిన ఆయనే ఒప్పుకోవాలి. గట్టు ఎలాగూ ఇద్దరి మధ్యా ఉంటుంది కనుక, ఆయన వైద్యం ఖర్చు భరించి రాజీ పడటం నా దృష్టిలో చిన్నతనమేమీ కాదు. రాజీ అయితే కోర్టులో నిర్దోషిగా విడుదలైనట్టే. కానీ ‘రాజీ అయిపోయింది, ఇక వాయిదాకు రానక్కర్లేదు’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. కోర్టు ఆర్డరు వచ్చేదాకా ప్రతి వాయిదాకూ వెళ్ళాలి. ఒక్కసారి ఎగ్గొడితే వారంటు వస్తుంది.

ఉద్యోగం గురించి మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. కేసు ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. అయితే ఉద్యోగంలో చేరే ముందు మన వివరాలు నింపి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో కేసుల సంగతి అడిగినచోట దాచకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. ఉన్నది చెప్పినవాళ్ళ విషయంలో అధికారులు కేసు ఎలాంటిదో చూసి నిర్ణయిస్తారు. దాచినట్టు తేలితే ఆ దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. మీవాడు ఉన్నదున్నట్టు చెప్పాల్సిన రెండో చోటు ఆ ఫారం.

లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఎవరి దగ్గరకు వెళ్ళినా ముందు ఒక పని చేయండి. ఈ రాత్రి తమ్ముణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ రోజు పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా తన చేతి రాతతో రాయమనండి. ఎవరు ఎటు నిలబడ్డారు, కర్ర ఎన్నిసార్లు లేచింది, బోదెలో నీళ్ళు ఉన్నాయా లేవా, ముందు ఎవరు పరిగెత్తుకొచ్చారు. పైన ‘మా లాయరు గారికి’ అని రాసి తేదీ వేయమనండి. అది మీరు చదవొద్దు, మామయ్య గారికి చూపించొద్దు. మడిచి కవరులో పెట్టి నేరుగా లాయరు చేతికే ఇవ్వమనండి.